నిరోషా కలిపిన రంగు

తాండూరు చుట్టుపక్కల ఏ ఇంటికి రంగులు వేస్తున్నా అక్కడ ఒకరిద్దరు ఆడవాళ్లు ఉంటారు. పాత రంగు గీకేది వాళ్లు. గరుకు కాగితంతో గోడ రుద్ది ఆ దుమ్మంతా మింగేది వాళ్లు. నీళ్లు మోసేది, నేల మీది చుక్కలు తుడిచేది, సాయంత్రం బకెట్లు కడిగేది కూడా వాళ్లే. బ్రష్ మాత్రం వాళ్ల చేతికి రాదు. ఇక రంగు కలపడమంటారా, ఆ ఊసే ఎత్తకూడదు, అది మేస్త్రి సొత్తు. ఎందుకలా అని అడిగితే ఎప్పటినుంచో అంతే అంటారు. పెద్దేముల్ నిరోషా ఈ ‘అంతే’ను తొమ్మిదేళ్లు భరించింది. భరించింది కదా అని ఊరుకుందనుకుంటే మాత్రం ఆమె సంగతి మీకు తెలియనట్టే.

నిరోషా తండ్రి బండల గనిలో కూలీ. ఎనిమిదో తరగతితో ఆమె చదువు ఆగింది, పంతొమ్మిదో ఏట పెళ్లయింది. భర్త మహేష్ పెద్దేముల్‌కూ తాండూరుకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఆటో ఒక్కదానితో ఇల్లు గడవదని తేలాక ఆమె భీమప్ప మేస్త్రి గుంపులో చేరింది.

భీమప్పది కర్ణాటక సరిహద్దు. తెలుగులో కన్నడం ధారాళంగా కలుపుతాడు గానీ రంగులో ఏం కలుపుతాడో మాత్రం ఎవరికీ చెప్పడు. కలిపే వేళకు ఒకణ్ణి చాయ్ తెమ్మంటాడు, ఇంకొకణ్ణి నిచ్చెన తెమ్మంటాడు. అప్పటికీ ఎవరైనా మిగిలితే గోడవైపు తిరిగి, బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకుని, పాలు పితికేవాడిలా కూర్చుంటాడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. తన ఉస్తాదు దగ్గర ఏడేళ్లు సైకిలు తుడిచి, తిట్లు తిని సంపాదించిన విద్య అది. ఊరికే పంచిపెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది?

అయితే భీమప్ప ఒక్క లెక్క తప్పాడు. బకెట్లు కడిగేది నిరోషా. తెల్లరంగులో కలిపే చిక్కటి రంగుల చిన్న సీసాలు, స్టెయినర్లంటారు వాటిని, పొద్దున బయటపెట్టేదీ సాయంత్రం సంచిలో సర్దేదీ కూడా ఆమే. పసుపు సీసా పొద్దున ఎంతుంది, సాయంత్రానికి ఎంతకు దిగింది, ఎరుపు మూత అసలు తీశాడా లేదా, ఇవన్నీ ఆమె కళ్లతో కొలిచి మనసులో దాచుకునేది. బకెట్టు అడుగున మిగిలిన రంగును పెరుగు డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చుకునేది. ఆదివారం ప్రార్థనకు వెళ్లొచ్చాక వంటింట్లో దుకాణం తెరిచేది. చెంచాతో తెలుపు, సొంతంగా కొనుక్కున్న స్టెయినర్ సీసాల్లోంచి మందుల దుకాణం సిరంజితో పసుపు, ఎరుపు, నలుపు. స్టీలు గ్లాసులన్నీ రంగులమయం.

"తాగే గిలాసలల్ల రంగులేందే పిల్లా! రేపు చుట్టాలొస్తె దేంట్ల పోస్తవ్ చాయ్?" అని అత్త భాగమ్మ నెత్తి కొట్టుకునేది.

"దీంట్లనే పోస్త అత్తమ్మా. గిది చాయ్ రంగే ఉన్నది, చూడు" అని ఈమె గ్లాసు చూపించేది.

కలిపిన ప్రతి రంగునూ బండ ముక్క మీద పూసి ఆరబెట్టేది. తాండూరులో కాగితానికైనా కరువుంటుందేమో గానీ బండ ముక్కలకు ఉండదు. బండల పాలిష్ యూనిట్ల బయట కుప్పలు కుప్పలుగా పడుంటాయి. మహేష్ ఆటో సీటు కింద వేసుకుని వచ్చేవాడు. అరచేయంత ముక్క, పైన రంగు, వెనక మేకుతో గీసిన లెక్క. తెలుపు ఇరవై చెంచాలు, పసుపు మూడు చుక్కలు, ఎరుపు ఒకటి. అలాంటి ముక్కలు తొమ్మిదేళ్లలో రెండు వందల పైన అయ్యాయి. ఇంటి వెనక గోడకు ఆనించి వరసగా నిలబెట్టింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి, "గీ రంగు మా ఇంటికి కలుపవా" అని ముక్క చూపించి అడిగేవాళ్లు. కలిపిచ్చేది. ముక్క మీద ఎలా ఉందో గోడ మీదా అలాగే వచ్చేది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ధైర్యమే ఆమెను తాండూరులో నలుగురి ముందు నోరు విప్పేలా చేసింది.

ఆ నలుగురూ కూడింది కందుల వ్యాపారం చేసే వెంకటయ్య ఇంట్లో. పైన కొత్తగా అంతస్తు కట్టించాడు, రెండు నెలల రంగుల పని, అది భీమప్పకే అన్నాడు. దానికంటే ముందు కింద హాల్లో ఒక చిన్న పని పడింది. గోడలో పైపు పగిలితే పగలగొట్టి బాగుచేశారు, పైన సిమెంటు పూసి, గోడ నున్నగా రావడానికి తెల్లటి లప్పం పెట్టారు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. దాని చుట్టూ రెండేళ్ల నాటి పాత రంగు. అప్పట్లో దుకాణంలో మిషన్ కలిపిచ్చిన రంగది. ఆ రంగు లెక్క రాసిన చీటీ ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. తడి జొన్నపిండిలా ఉంటుంది. లోపల ఎక్కడో పసుపు, ఇంకెక్కడో ఎరుపు, వేలుపెట్టి చూపించమంటే చూపించలేం.

భీమప్ప మూడుసార్లు కలిపాడు. మూడుసార్లూ అతుకు అతుకులాగే కనిపించింది. చివరికి బ్రష్ పక్కన పెట్టేసి, "హాలంత ఒక్కసారె ఏసుకోవాలె పటేలా. పాత రంగుకు కొత్తది కలవదు, ఎవ్వలతోని గాదు" అన్నాడు.

వెంకటయ్య భార్య రాధమ్మ గుండె గుభేలుమంది. ఆమెకు ఉబ్బసం. "హాలంత ఏస్తె నేనేడికి పోవాలె? ఆ వాసనకు దమ్మొస్తది నాకు. పోయినసారి పదిహేను దినాలు మా అక్కింట్ల పడున్న."

"నలుగురొచ్చి కూసునే జాగ ఇది, గిట్ల మాసికేసినట్టు ఉంటె ఎట్ల?" అని వెంకటయ్య విసుక్కున్నాడు.

కిటికీ దగ్గర గోడ రుద్దుతున్న నిరోషా చెయ్యి ఆపింది. "నాతోని అయితది" అన్నది.

భీమప్ప వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "హౌదా! బకెట్లు కడిగితె రంగు కలుపుడు వస్తదా?"

"కడిగినందుకే వచ్చింది మేస్త్రీ."

వెంకటయ్యకు ఇదేదో తమాషాగా తోచింది. "అయితె ఏమంటవ్ చెప్పు?"

"అతుకు కనవడకుంట చేస్త పటేలా. చేస్తె మీదింటి పని నాకియ్యాలె. మేస్త్రిగ."

"చెయ్యకుంటె?" భీమప్ప నవ్వు ఆగిపోయింది. "చెయ్యకుంటె నా గుంపుల మల్ల అడుగు పెట్టొద్దు."

"పెట్ట."

సరే, శనివారం దాకా చూద్దామన్నాడు వెంకటయ్య. ఆ రోజు బుధవారం. మాట అయితే నోరు జారింది గానీ దాని బరువు నిరోషాకు తెలుసు. ఒక మేస్త్రి వెళ్లగొట్టిన మనిషిని తాండూరులో ఇంకో మేస్త్రి పెట్టుకోడు. ఈ పని పోతే మళ్లీ కూలీకి పొలాలే గతి. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు ఒక్కసారి కూడా అనిపించలేదు. తొమ్మిదేళ్లుగా దాచుకున్న మాట అది.

పోతూ పోతూ, స్విచ్ బోర్డు వెనక నుంచి పాత రంగు పెచ్చు ఒకటి బ్లేడుతో లేపుకుని కాగితంలో చుట్టుకుంది. గోరంత పెచ్చు. గురువారం పనికి సెలవు పెట్టి పొద్దున్నే గ్లాసులు ముందేసుకుని కూర్చుంది. మహేష్ ఫోనులో ఏదో యాప్ ఎక్కించుకుని వచ్చి పెచ్చును ఫోటో తీశాడు. అది ఒకసారి గంధం అన్నది, తలుపు దగ్గర తీస్తే గులాబీ అన్నది. "నీ ఫోన్‌కు జరమొచ్చింది, తీసుకపో ఆవల" అని ఆమె తరిమేసింది. పదకొండు ముక్కలు పాడైపోయాయి. పన్నెండో ముక్క ఆరాక దాని మీద పెచ్చు పెట్టి చూస్తే పెచ్చు ఎక్కడుందో కనిపించలేదు. నిరోషా అత్తను పిలిచింది. భాగమ్మ ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని వెతికి, "ఏదే, పడిపోయిందా?" అన్నది. ఇంతకన్నా ఏం కావాలి! నిరోషా ఆ సంతోషంలో అత్తను పట్టుకుని గిర్రున తిప్పింది.

శుక్రవారం పొద్దున వెంకటయ్య ఇంట్లో గోడకు రెండు పూతలు వేసింది. ఆరేదాకా కూర్చుంది. ఆరుతున్న కొద్దీ ఆమె ముఖంలో రంగు పోతూ వచ్చింది. అతుకు పాత గోడకన్నా లేతగా, శుభ్రంగా, గాయానికి చుట్టిన గుడ్డలా తేలింది. భీమప్ప చేసినదాని కన్నా కాస్త నయమేమో, అంతే. మధ్యాహ్నం ఆయన వచ్చి చూశాడు. బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

"ఇంకొక్క దినమున్నది గద, మల్ల చూడు" అన్నది రాధమ్మ. అక్క ఇంటికి పోవాల్సి వస్తుందన్న భయం ఆమెది.

నిరోషాకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. మహేష్ ఆటోలో వెనక సీట్లో కూర్చుని, పెద్దేముల్ వచ్చేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలావిడ ఎవరు పోయారమ్మా అని అడిగితే, ఎవరూ పోలేదు, పని పోయేటట్టుంది అని చెప్పింది. దిగాక ముఖం కడుక్కుని రెండు జొన్న రొట్టెలు పప్పుతో తిన్నది. ఖాళీ కడుపుతో బుర్ర పనిచేయదని ఆమె నమ్మకం.

ఇంకా పొద్దు ఉంది. సీసాలో మిగిలిన రంగే తీసుకుని, అదే బ్రష్‌తో కొత్త బండ ముక్క మీద పూసింది. ఆరాక పెచ్చు పెట్టి చూస్తే సరిగ్గా కలిసింది. తన ఇంటి గోడ మీద పూసింది. అక్కడా కలిసింది. మరి వెంకటయ్య గోడకేం రోగం? ఆయన గోడకు ఉన్నదేమిటి, తన గోడకు లేనిదేమిటి? ఆలోచిస్తుంటే మూలనున్న సంచి కంటపడింది. పని దగ్గర మిగిలితే తెచ్చుకున్న లప్పం. కాస్త తడిపి ఒక ముక్క మీద పూసింది, పొయ్యి గట్టు మీద ఆరబెట్టింది, దాని మీద అదే రంగు వేసింది. ఆరేసరికి లేతగా తేలింది, హాల్లో తేలినట్టే.

నిరోషా ముక్కను తిప్పి వెనకవైపు చూసింది. బండ బూడిద రంగు. పెద్దేముల్‌లో ఆమె రంగు కలిపిచ్చిన ఇళ్లలో ఏ ఒక్క గోడకైనా లప్పం ఉంటే కదా! అన్నీ వట్టి సిమెంటు పూత గోడలు, అవీ బూడిద రంగే. పలచటి పూత కింద నుంచి ఆ బూడిద రంగు కొంచెం కొంచెం పైకి తేలుతూ వచ్చింది. ముక్క మీదా తేలింది, గోడ మీదా తేలింది, అందుకే రెండూ కలిశాయి. తొమ్మిదేళ్లుగా తన రంగులో సగం పని బండే చేసిపెట్టిందన్నమాట. తెల్లటి లప్పం గోడ ముందు తన రెండు వందల ముక్కల్లో ఒక్కటీ నిలవదు. వెనక గోడ దగ్గరికి పోయి ఒక్కో ముక్కా తిప్పి, మేకుతో గీసిన లెక్కలు చూసింది. ఎన్ని ఆదివారాలు!

భాగమ్మ పక్కకు వచ్చి నిలబడింది. "పోతె పోయింది తియ్యె. కంది కొట్టుడుకు పోదం ఇద్దరం."

"పోను అత్తమ్మా. తప్పు ఏడున్నదో ఎరుకైంది. ఇప్పుడు ఇడిసిపెడితే నా అసొంటి పిచ్చిది ఉండది."

తప్పు తెలిసిందంటే సగం పని అయినట్టే. ముక్కలన్నీ ఒకే వైపుకు తప్పాయి. బండ ఊరికే ఇచ్చిన నలుపును ఇప్పుడు తను కొలిచి ఇవ్వాలి, అంతే కదా. ఆ సాయంత్రమే ఇరవై ముక్కలకు లప్పం పూసి పెట్టుకుంది. శనివారం తెల్లవారగానే మొదలుపెట్టింది. నలుపు మహా పొగరుబోతు రంగు. ఒక్క చుక్క ఎక్కువైతే గ్లాసంతా మురికి చేసి కూర్చుంటుంది. అందుకని చుక్క నలుపును ఒక చెంచా తెల్లరంగులో కలిపి మెత్తబరిచి, అందులోంచి సిరంజితో తీసి వేసింది. వేసి, పూసి, ఆరేదాకా కాచుకుని, పెచ్చు పెట్టి చూసింది. తొమ్మిదో ముక్క మీద పెచ్చు కనిపించకుండా పోయింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు, ఎవర్నీ గిర్రున తిప్పలేదు.

తాండూరు చేరి హాల్లోకి వెళ్లాక కూడా బ్రష్ ముట్టలేదు. గోడ ముందు పీట వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా ఇంకో సంగతి తెలిసింది. అతుకుకు కుడివైపు కిటికీ ఉంది, ఎండకు అక్కడి రంగు వెలిసింది. ఎడమవైపు దేవుడి పటాలు ఉన్నాయి, రెండేళ్ల అగరుబత్తి పొగకు అటువైపు పసుపు తిరిగింది. ఒకే గోడ, రెండు రంగులు. భీమప్ప మూడుసార్లు ఓడిపోయింది ఇక్కడే. తెచ్చిన రంగును రెండు గ్లాసుల్లోకి పంచి, ఒకదానిలో తెలుపు, ఇంకోదానిలో పసుపు అరచుక్క కలిపింది. ఎవరినీ చాయ్‌కి పంపలేదు, ఎటూ తిరిగి కూర్చోలేదు. రాధమ్మ సోఫాలో కూర్చుని చూస్తూనే ఉంది. కుడి నుంచి ఒక రంగు, ఎడమ నుంచి ఒక రంగు వేసుకుంటూ వచ్చి, నడుమ రెండూ కలిసేచోట తడి ఆరకముందే స్పాంజితో అద్దింది. రెండో పూత కూడా అలాగే వేసింది. అతుకు అంచులు దాటి పాత గోడ మీదికి కొంచెం కొంచెంగా పలచబరిచింది.

ఇక ఆరడం మిగిలింది. ఆమె జీవితంలో అంత పొడవైన మధ్యాహ్నం ఇంకోటి లేదు. తడి మీద ఏ రంగూ నిజం చెప్పదు. చూడకూడదని గోడకు వీపు పెట్టి కూర్చుంది, మళ్లీ తిరిగి చూసింది, మళ్లీ వీపు పెట్టింది.

నాలుగింటికి వెంకటయ్య భోజనం, కునుకు అన్నీ ముగించుకుని వచ్చాడు. వెనకాలే భీమప్ప. "ఏదీ, ఏడ ఏసినవ్?" అన్నాడు వెంకటయ్య గోడంతా కలయజూస్తూ. రాధమ్మ లేచి, "ఇగో ఇక్కడ" అని చెయ్యి పెట్టింది. అది అతుకుకు మూరెడు పక్కన పెట్టింది.

భీమప్ప మాత్రం అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. గోడకు చెంప ఆనించి ఓరగా చూశాడు. కిటికీ తెర లాగేసి చూశాడు. గుమ్మం దాకా వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూశాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, కావాలంటే ఏదో ఒక వంక దొరక్కపోదు. ఆయన గొంతు సవరించుకుని, "కలిసింది" అన్నాడు. అదొక్కటే మాట.

నిరోషాకు కళ్లు మసకబారాయి. వెంకటయ్య సంబరపడిపోయాడు. "బలే పనిమంతురాలివి! అయితె గిట్ల చేద్దం. మీదింట్ల మేస్త్రి భీమప్పే ఉంటడు, ఆడమనిషివి, గంత పని నువ్వొక్కదానివి ఏడ సూసుకుంటవ్? రంగు నువ్వు కలుపు. నీ పైసలు వేరేగ ఇస్త నేను."

కొద్దిసేపటి కిందటి సంతోషం ఒంట్లోంచి దిగిపోయింది. ఆయన గొంతులో కపటం లేదు, మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. అదే ఆమెకు ఎక్కువ మంటగా అనిపించింది. ఊఁ అంటే పని ఉంటుంది, గుంపులో చోటు ఉంటుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇవన్నీ ఆమె ఒక్క నిమిషంలో ఆలోచించింది.

"వద్దు పటేలా. మేస్త్రి పని అన్న, మీరు సరే అన్నరు. గాదంటె, గీ గోడ పని అయిపోయింది, పోయొస్త."

గ్లాసులు, సిరంజి, సీసాలు సంచిలో వేసుకుంది. భీమప్ప నేల చూస్తున్నాడు. ఆమె గడప దాటి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"నిరోషా, నిలబడు." రాధమ్మ గొంతు అది. సోఫా దగ్గర నుంచి గుమ్మం దాకా వచ్చేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఒక చెయ్యి తలుపుకు ఆనించి భర్త వైపు చూసింది. "ఆ దినం నేను గీడనే ఉన్న. మాటిచ్చిండ్రు మీరు." తరవాత నిరోషా వైపు తిరిగింది. "మీదింటికి ఎన్ని డబ్బాల రంగు పడ్తదో చెప్పి పో. సోమారం తెప్పియ్యాలె గద."

తొమ్మిదేళ్లలో తాండూరు ఇళ్లకు నిరోషా ఎన్ని డబ్బాలు మోసిందో లెక్కలేదు. ఎన్ని పడతాయని ఆమెను అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరూ లేరు. చెప్పులు మళ్లీ విడిచింది. సంచి గడప పక్కన పెట్టింది.

"గోడలు చూసొచ్చి చెప్తనమ్మా" అని మెట్ల వైపు నడిచింది. ఇలాంటి మెట్లు తొమ్మిదేళ్లుగా ఎక్కుతూనే ఉంది, ఎప్పుడు ఎక్కినా రెండు చేతుల్లో రెండు బకెట్లు. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. వాటిని ఏం చేసుకోవాలో తోచక, కొంగు నడుముకు బిగించి దోపుకుని, నిదానంగా పైకి ఎక్కింది.